డిలేడ్ వర్క్ కోడ్‌ని కుదించే ముందు

విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు కొందరు లినక్స్ కెర్నల్ డ్రైవర్లకి (పరికరాల్ని నడిపే కోడ్‌కి) ప్యాచ్‌లు రాయడం మొదలుపెట్టారు, చాలా సంతోషం. కొంతసేపాగి చెయ్యమని కెర్నల్‌కి అప్పగించే పనే డిలేడ్ వర్క్. ముందుగా అందరి కంటా పడేది ఆ పనిని రద్దుచేసే క్యాన్సిల్_డిలేడ్_వర్క్, ఆ వెంటనే దాన్ని గడువుతో క్యూలో పెట్టే షెడ్యూల్_డిలేడ్_వర్క్ ఉండే జంట. ఆ రెండూ తీసేసి మాడ్_డిలేడ్_వర్క్ ఒక్కటి పెట్టొచ్చు, 2012లో 3.7 వెర్షన్‌తో వచ్చిందే అది. మంచి మార్పే.

భయమల్లా, ముందు క్యాన్సిల్ లేకుండా షెడ్యూల్ ఒక్కటే ఉన్న చోట కూడా అదే ఊపులో మార్చేస్తారని. పని అప్పటికే క్యూలో ఉంటే షెడ్యూల్ దాన్ని ముట్టుకోదు, పాత గడువే నడుస్తుంది. మాడ్ అయితే పిలిచిన ప్రతిసారీ గడువుని మొదట్నుంచి లెక్కపెడుతుంది. మేడ మీద ట్యాంకులో, నిండగానే మోటారు ఆపించే ఫ్లోట్ స్విచ్ ఉందనుకోండి, నీళ్ళు పడుతున్నంతసేపూ అది ఊగుతూనే ఉంటుంది, ఊగినప్పుడల్లా ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌కి పంపే పిలుపు) వస్తుంది, దాన్ని అందుకునే హ్యాండ్లరేమో 500 మిల్లీసెకన్లాగి స్విచ్ చదవమంటుంది. షెడ్యూల్ ఉంటే మొదటి ఇంటరప్ట్ వచ్చిన అర సెకనుకి చదివేస్తుంది. మాడ్ పెట్టారో, ఊపు ఆగేదాకా వాయిదా మీద వాయిదా, మోటారు ఆగదు, ట్యాంకు పొంగిపోతుంది. అదే బటన్ నొక్కుడైతే కదలిక ఆగాకే చదవాలి కాబట్టి బటన్లని చూసుకునే జీపీఐఓ కీస్ డ్రైవర్‌లో మాడ్ వాడటం సరైనదే. ఏది కావాలో ఆ పరికరాన్ని బట్టి తేల్చుకోవాలి.

రిటర్న్ వాల్యూ కూడా చూడండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. షెడ్యూల్ కొత్తగా క్యూలో పెడితే ట్రూ ఇస్తుంది. మాడ్ మాత్రం పని అప్పటికే పెండింగ్‌లో ఉంటే ట్రూ, కొత్తగా పెడితే ఫాల్స్. ట్రూ వస్తేనే రిఫరెన్స్ కౌంట్ (ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారనే లెక్క) పెంచే కోడ్‌లో ఇది చూసుకోకుండా మారిస్తే లెక్క తలకిందులైపోతుంది.

ఈ ఫంక్షన్లు గడువుని మిల్లీసెకన్లలో కాదు, జిఫీస్‌లో (కెర్నల్ టైమర్ టిక్కుల్లో) తీసుకుంటాయి, అందుకే దాన్ని ఎమ్‌సెక్స్_టు_జిఫీస్‌తోనే మార్చి ఇవ్వండి.

ఇక పరికరం నుంచి డ్రైవర్‌ని విడదీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్. ముందు ఇంటరప్ట్ ఆపాలి, తర్వాతే క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ (పనిని రద్దుచేసి, అప్పటికే నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగేది). లేకపోతే క్యాన్సిల్ అయ్యాక ఇంకో ఇంటరప్ట్ వచ్చి పనిని మళ్ళీ క్యూలో పెడుతుంది, ఆ పని ఫ్రీ అయిపోయిన మెమరీని తాకుతుంది. డెవ్‌ఎమ్‌తో (తీసుకున్నవాటిని కెర్నలే తర్వాత విడుదల చేసే ఫంక్షన్లతో) తీసుకున్న ఇంటరప్ట్ రిమూవ్ పూర్తయ్యాకే విడుదలవుతుంది, కాబట్టి అక్కడ ఇంటరప్ట్‌ని ఆపే డిజేబుల్_ఐఆర్‌క్యూ మీరే పిలవాలి. సింక్ నిద్రపోగలదు గనక ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో వద్దు, వర్క్ ఫంక్షన్ తీసుకునే లాక్‌ని పట్టుకుని కూడా పిలవొద్దు, ఒకదానికోసం ఒకటి ఆగిపోయి డెడ్‌లాక్ అవ్వొచ్చు.

ప్యాచ్ పంపే ముందు లాక్‌డెప్ (లాక్ తప్పుల్ని పట్టేది), కేఏసాన్ (మెమరీ తప్పుల్ని పట్టేది) రెండూ ఆన్ చేసిన కెర్నల్ మీద, ఇంటరప్ట్‌లు వస్తుండగానే మాడ్యూల్‌ని పదేపదే ఎక్కించి దించి చూడండి.