వేల్స్ మధ్యయుగ ప్రభువుల వంశావళిని, లాంఛనాలను చదివే పద్ధతి

తిరుపతిలో చరిత్ర చదువుతూ, తిరుమల ఆలయ శాసనాలతో కొంత పరిచయం ఏర్పడిన తరువాత ఐరోపా ప్రభువంశాల వైపు మళ్లే విద్యార్థి సాధారణంగా ముందు డాళ్ల మీది సింహాలను, రంగులను చూసి ఆకర్షితుడవుతాడు. వేల్స్ విషయంలో అక్కడ మొదలుపెడితే దారి తప్పినట్లే. డాలు మీద వంశ లాంఛనం వేసుకునే ఆచారం పశ్చిమ ఐరోపాలో 12వ శతాబ్దంలో గాని రూపు దిద్దుకోలేదు. వేల్స్ రాజుల వంశావళులు మాత్రం 10వ శతాబ్దం నాటికే కూర్పు అయ్యాయి. అందుచేత ముందు వంశాన్ని తేల్చుకొని, లాంఛనాన్ని ఆ తరువాతే పట్టుకోవాలి.

వంశావళిని అంత శ్రద్ధగా కాపాడుకోవడానికి కారణం భూమి. వేల్స్ ఆచార న్యాయం ప్రకారం తండ్రి భూమి కొడుకులందరికీ పంపకమయ్యేది; ముత్తాత ఒక్కరే అయిన దాయాదుల వరకు ఆ పంపకాన్ని తిరగదోడే హక్కు ఉండేది. మన పెళ్లిళ్లలో పురోహితుడు వరుడిని ఫలానావారి మునిమనుమడు, మనుమడు, కుమారుడు అని మూడు తరాలు చెప్పి పరిచయం చేసినట్లే, అక్కడ మనిషి పేరులోనే తరాలు వరుసగా పలుకుతాయి. ‘అప్’ అంటే కుమారుడు, అచ్చు ముందు అది ‘అబ్’ అవుతుంది, ‘వెర్హ్’ అంటే కుమార్తె. స్థిరమైన ఇంటిపేరు లేదు కనుక, ఒకే కాలంలో కనిపించే ఇద్దరు లెవెలిన్‌లను తండ్రి, తాతల పేర్లతోనే వేరు చేయాలి.

ట్యూడర్ వంశాన్ని తీసుకొని ఒకసారి చేసి చూడడం మంచి సాధన. ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్య పాలకుడు లెవెలిన్ అప్ యోర్వెర్త్ కొలువులో ప్రధానాధికారిగా ఉండి 1246లో మరణించిన ఎడ్నవెడ్ వఖన్ నుంచి కిందికి రాసుకుంటూ వస్తే గొరొన్వి, టిడిర్ హేన్, మళ్లీ గొరొన్వి, మళ్లీ టిడిర్, మరెదిద్, ఆ తరువాత 1461లో మరణశిక్షకు గురైన ఓవైన్ వస్తారు. ఈ ఓవైన్ తండ్రి మరెదిద్, తాత టిడిర్. ఇంగ్లండులో ‘ట్యూడర్’గా స్థిరపడిన పేరు తాత టిడిర్‌ది. తండ్రి పేరే నిలిచి ఉంటే 1485లో సింహాసనమెక్కిన ఏడవ హెన్రీ వంశాన్ని మనం మెరెడిత్ వంశమని చదువుకునేవాళ్లం. రాసుకున్న పట్టికను కాలంతో సరిచూడడం మరువరాదు: 1246 నుంచి 1461 వరకు 215 ఏళ్లు, ఆరు తరాలు, అంటే తరానికి సుమారు 36 ఏళ్లు. ఇది కొంచెం ఎక్కువే గాని నమ్మదగినదే. ఇదే లెక్క 60కో తేలితే ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయడమో, ఒక తరాన్ని వదిలేయడమో, 15కో తేలితే లేని తరాన్ని చేర్చడమో జరిగి ఉంటుంది.

పైకి వెళ్లేకొద్దీ ఒక గీత గీయవలసి వస్తుంది. సుమారు 1100లో రాసిన ప్రతిగా నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న హార్లియన్ 3859లో వేల్స్ రాజు హవెల్ ద్దా కుమారుడు ఓవైన్ వంశం, కన్య మరియకు బంధువని చెప్పే అన్నా అనే స్త్రీ దాకా సాగుతుంది. విజయనగర ప్రభువుల శాసనాలలో చంద్రుడిని, యదువును చదివిన మనకు ఇది వింతగా తోచదు. ఆ భాగాన్ని కొట్టివేయనక్కరలేదు. వంశగౌరవం కోసం ఏమి చెప్పుకున్నారో తెలిపే ఆధారంగా విడిగా ఉంచి, 878లో మరణించిన గ్వినెద్ రాజు రొద్రి మౌర్ వంటి కాలం తెలిసిన వారి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఇక లాంఛనం. ఆ రొద్రి మౌర్‌కే డాలు చిహ్నం చూపించే పుస్తకాలున్నాయి. అవి తరువాతి వారు కల్పించి అంటగట్టినవి. గ్వినెద్‌లో పదిహేను మూల వంశాలుగా చెప్పే వాటి స్థాపకుల చిహ్నాలలోనూ అధిక భాగం ఇటువంటివే. ఆ స్థాపకుడి సంతతి అని చెప్పుకున్న కుటుంబాలెన్నో అదే చిహ్నాన్ని వాడాయి కాబట్టి, రెండు ఇళ్లలో ఒకే డాలు కనిపించినంత మాత్రాన అవి దగ్గరి చుట్టాలని రాయకూడదు. ఎడ్నవెడ్ డాలులో ఎర్రని నేల మీద మూడు ఇంగ్లీషువారి తలలుంటాయి. యుద్ధంలో ఆయన నరికిన తలలని ఐతిహ్యం. ఆయన సంతతివారైన, పెన్‌మనిద్ అనే ఊరి ట్యూడర్ల డాలులో వాటి స్థానంలో శిరస్త్రాణాలు వచ్చాయి. రాజవంశానికి చుట్టరికం కలిసిన కుటుంబం ఆ మార్పు ఎందుకు కోరుకుని ఉంటుందో ఊహించడం కష్టం కాదని నా అభిప్రాయం.

1282లో హతుడైన లెవెలిన్ అప్ గ్రిఫిద్ డాలును నిదానంగా చూడండి. నాలుగు గడులు, ఎదురెదురు మూలల గడులకు బంగారు రంగు, మిగిలిన రెండింటికి ఎరుపు, బంగారు గడిలో ఎర్ర సింహం, ఎర్ర గడిలో బంగారు సింహం. సింహాలు నడుస్తూ మన వైపు ముఖం తిప్పి ఉంటాయి. ఇవే రంగులు, ఇవే నాలుగు సింహాలు ఓవైన్ గ్లిన్‌డూర్ డాలులోనూ ఉన్నా, అక్కడ అవి వెనుక కాళ్ల మీద లేచి నిలుచుంటాయి. ఈ పోలికను బట్టి గ్లిన్‌డూర్ తండ్రి వైపు గ్వినెద్ వాడని రాస్తే తప్పు. తండ్రి వైపు ఆయనది వేల్స్‌లోనే మరో రాజ్యమైన పొవిస్ రాజవంశం, తల్లి ఎలెన్ దక్షిణాన దెహెయ్‌బార్త్ పాలకుల సంతతి. గ్వినెద్ మగ వారసుడు ఓవైన్ లౌగోఖ్ 1378లోనే హత్యకు గురయ్యాడు. 1400లో వేల్స్ యువరాజుగా ప్రకటించుకున్న గ్లిన్‌డూర్ ఆ సింహాలను ధరించడం రాజ్యాధికారం తనదని చాటడమే. ఇలాంటి చోట తండ్రి గీతను పొవిస్‌కు, తల్లి గీతను దెహెయ్‌బార్త్‌కు గీసి, నాలుగు సింహాల చిహ్నాన్ని వంశవృక్షంలో ఎక్కడా అతికించకుండా, అది కనిపించే 1404 నాటి ముద్రిక పక్కన మాత్రమే నమోదు చేసుకోవాలి.