గూడ సందు కొలిచే ముందు చెయ్యి ఎక్కడుందో చూడండి

పొందూరులో నూలు వడికేవాళ్ల భుజం నొప్పి చూడాలనుకునేవాళ్లకి ఈ మాటలు. అల్ట్రాసౌండ్‌తో భుజం లోపలి సందు కొలవడం పెద్ద విద్యేం కాదు, గొడవంతా చెయ్యి దగ్గరే. ఒళ్లో పెట్టుకుంటే ఒక అంకె, పక్కకి ఎత్తితే ఇంకో అంకె. చెయ్యి ఎలా ఉందో రాయకుండా రిపోర్టులో "9 మి.మీ." అని పడేస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

మనం కొలిచేది అక్రోమియన్ (భుజం మీద కప్పులా ఉండే రెక్క ఎముక కొస) అడుగు అంచుకీ, హ్యూమరస్ (పై చేతి ఎముక) తలకీ మధ్య అతి తక్కువ దూరం. చెయ్యి ఎత్తడానికి సాయపడే సుప్రాస్పైనేటస్ కండరం టెండన్ (ఎముకకి అతికే తాడు), దాని మీది బర్సా (రాపిడి తగ్గించే పల్చటి సంచి) ఆ సందులోనే ఉంటాయి. చెయ్యి దించి ఉన్నప్పుడు బాగున్న గూడలో సుమారు 10 మి.మీ. అటూ ఇటూ వస్తుంది. కానీ పొందూరులో కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో నూలు లాగే అమ్మకి నొప్పి వచ్చేది చెయ్యి లేచినప్పుడు కదా, దించిన చేతినే కొలిచి ఊరుకుంటే ఏం తెలుస్తుంది?

స్టూలు మీద కూర్చోబెట్టండి, పాదాలు నేలకి ఆనాలి, వీపు నిటారుగా ఉండాలి. వంగి కూర్చుంటే రెక్క ఎముక ముందుకి వాలిపోయి అంకె మారిపోతుంది. జాకెట్ చెయ్యి బిగుతుగా ఉంటే భుజం దాకా జరగదు, కాబట్టి వదులుది వేసుకు రమ్మని ముందే చెప్పండి, గదిలో తెర కూడా ఉండాలి.

లీనియర్ ప్రోబ్‌ని (ఒంటికి ఆనించే, చదునైన ముఖం ఉన్న పరికరం), 7–12 మెగాహెర్ట్జ్‌ది చాలు, చెయ్యి పొడవునా నిలువుగా, పైకొస అక్రోమియన్ మీదికి వచ్చేలా పెట్టండి. తెల్లటి గీతా దాని కింద నల్లటి నీడా కనిపిస్తే అది అక్రోమియన్, పక్కన వంపు తిరిగిన తెల్లగీత హ్యూమరస్ తల. రెండూ స్పష్టంగా కనిపించాక ఫ్రీజ్ చేసి, అక్రోమియన్ అంచు నుంచి వంపు మీద దగ్గరి చోటుకి కాలిపర్ (తెర మీద దూరం కొలిచే గీత) లాగండి. ప్రోబ్ గట్టిగా నొక్కొద్దు.

చెయ్యి పక్కకి ఎత్తే కోణాలు మూడు చాలు: 0, 45, 60 డిగ్రీలు, గోనియోమీటర్‌తో (కీలు కోణం కొలిచే పరికరం) చూసి. 60 దాటాక హ్యూమరస్ తల అక్రోమియన్ నీడలోకి వెళ్లిపోతుంది, అక్కడ అంకె వచ్చినా నమ్మకండి. బొటనవేలు ఎటు చూస్తోందో కూడా రాయాలి, చెయ్యి మెలి తిరిగితే కింద ఉన్న ఎముక కూడా తిరుగుతుంది. తానే ఎత్తి పట్టుకున్నారా, దిండు మీద ఆన్చారా అన్నది అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే కండరం పనిచేస్తున్నప్పటి కొలతా, వదులుగా ఉన్నప్పటి కొలతా ఒకటి కావు. ఇంకో తంటా ఏంటంటే, "ఇంత సాలేటి బాబూ?" అంటూ చెయ్యి బదులు భుజాన్నే చెవి దాకా ఎగరేస్తారు. అలాంటప్పుడు దింపించి మళ్లీ మొదలెట్టాలి.

ప్రతి కోణంలో ప్రోబ్ తీసి మళ్లీ పెట్టి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. మొదటి అంకె కనిపిస్తే రెండోదాన్ని దాని దగ్గరికే లాగేస్తాం, అందుకని అంకెలు ఇంకొకరు రాసుకుంటే మేలు. అర మిల్లీమీటరు తేడాకి టెన్షన్ పడకండి, రెండో గూడ కూడా అలాగే కొలిచి పోల్చండి.

మెషీన్ చిన్నదే కదా, పొందూరే పట్టుకెళ్లిపోదాం అనుకోకండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం పోర్టబుల్ అల్ట్రాసౌండ్ మెషీన్లకీ వర్తిస్తుంది, రిజిస్టరైన చోటే వాడాలి. బస్సు ఛార్జీ మీరే ఇచ్చి వాళ్లనే శ్రీకాకుళం రప్పించుకోండి.