బతుకమ్మ ఫొటోలతో మంచి స్లైడ్‌షో తయారుచేసుకునే విధానం

సద్దుల బతుకమ్మ ముగిసిన మరునాటి ఉదయానికి వరంగల్, హనుమకొండ వాడల్లోని వాట్సాప్ గ్రూపులన్నీ ఫొటోలతో నిండిపోతాయి. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు ఫోన్లు ఉన్న ఈ రోజుల్లో, ఒక వాడలో ఒక సాయంత్రం తీసిన ఫొటోలన్నీ కలిపితే వందల సంఖ్యలో తేలుతాయి. వాటన్నింటినీ ఏదో ఒక యాప్‌లో వేసి, ఒక పాట తగిలించి, పావుగంటలో స్టేటస్‌లో పెట్టవచ్చు. అయితే చూసేవారు మూడో ఫొటో దగ్గరే దాటి వెళ్లిపోతారు. పండుగకు రాలేక దుబాయిలోనో బెంగళూరులోనో ఉండిపోయిన వారికి తమ వాడ, తమ వాళ్లు, ఆ సాయంత్రం ఆట సాగిన తీరు కళ్లకు కట్టాలంటే కొంత శ్రద్ధ పెట్టాలి. ఆ శ్రద్ధలో ముప్పాతిక భాగం యాప్ తెరవక ముందే పెట్టవలసినది.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ స్లైడ్‌షో ఎక్కడ కనిపించబోతున్నదన్న సంగతి. ఇన్‌స్టాగ్రామ్ రీల్, యూట్యూబ్ షార్ట్స్, వాట్సాప్ స్టేటస్, ఫేస్‌బుక్ స్టోరీ వంటివన్నీ నిలువు తెరకు ఉద్దేశించినవి. వాటి కొలత 9:16, అంటే వెడల్పు 1080 పిక్సెళ్లు, ఎత్తు 1920 పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు పోస్టుగా పెట్టాలంటే 1080×1350 కొలత బాగుంటుంది. ఇంట్లో టీవీలోనో, ఫంక్షన్ హాలులో తెర మీదనో చూపించాలంటే అడ్డంగా ఉండే 1920×1080 కావాలి. పని సగంలో ఉండగా కొలత మార్చితే అప్పటిదాకా చేసిన క్రాపింగ్ అంతా చెడిపోయి కొందరి తలలు తెగిపోతాయి కనుక, ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే కొలత ఎంచుకుని దానికే కట్టుబడి ఉండాలి.

తర్వాతి పని ఒరిజినల్ ఫొటోలు సేకరించడం. ఎక్కువ మంది తేలికగా తీసుకునే దశ ఇదే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో బాగా కుదించుకుపోయి వస్తుంది; ఫోన్ తెర మీద చూడడానికి అది సరిపోయినా, అందులోంచి ఒక ముఖాన్ని క్రాప్ చేసి పెద్దది చేయగానే మసకబారుతుంది. అందుచేత ఫొటోలు తీసిన వారిని వాటిని డాక్యుమెంట్ రూపంలో పంపమని గానీ, గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి అందులో వేయమని గానీ అడగాలి. ఇందులో మరో మేలు కూడా ఉంది. ఫొటో తీసిన తేదీ, సమయం ఒరిజినల్ ఫైలులోనే నమోదై ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలో ఆ వివరాలు పోయి, మనకు చేరిన సమయమే మిగులుతుంది. అప్పుడు గ్యాలరీలో చెరువు గట్టు ఫొటోలు ముందు, బతుకమ్మ పేర్చే ఫొటోలు వెనుక వచ్చి వరుస తారుమారవుతుంది. ఏ దారిలో వచ్చినా, ఎంపిక పూర్తయ్యాక ఫైళ్లకు 01, 02, 03 అని పేర్లు పెట్టుకుంటే ఏ యాప్‌లోనూ వరుస తప్పదు.

ఇక ఎంపిక. స్లైడ్‌షో బాగుండడం, బాగుండకపోవడం ఇక్కడే తేలుతుంది. ఒక నిమిషం లోపు నిడివి ఉండాలనుకుంటే ఇరవై ఫొటోలకు మించి పట్టవు. ఒక్కో ఫొటోకు సగటున రెండున్నర సెకన్లు ఇస్తే ఇరవైకి 50 సెకన్లు అవుతుంది. మొదట్లో, చివరలో మరికొంత సమయం కావాలి. మూడు వందల ఫొటోల్లోంచి ఇరవై తీయడం కష్టమే కనుక, మంచి ఫొటో ఏదని వెదకడానికి ముందు పండుగ ఏయే ఘట్టాలుగా సాగిందో ఒక కాగితం మీద రాసుకోవాలని నా సూచన. గునుగు, తంగేడు, కట్లపూలు తేవడం, గునుగుకు రంగులద్దడం, తాంబాలంలో వరుసలు పేర్చడం, పసుపు గౌరమ్మను నిలపడం, ఆడబిడ్డలు బతుకమ్మలు ఎత్తుకుని ఇంటి నుంచి బయలుదేరడం, ఆట, నీళ్లలో సాగనంపడం, చివరగా సద్దులు పంచుకోవడం. ఇలా ఎనిమిది ఘట్టాలు తేలితే ఒక్కో దానికి రెండు, ఆటకు మాత్రం ఐదారు ఫొటోలు చాలు. మన చేర్యాల నకాశీ పటంలో చిత్రకారుడు కథను గళ్లు గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఒక్క ఘట్టాన్నే నిలుపుతాడు. పటం విప్పుతూ కథ చెప్పేవాడు ఒక గడి మీద నుంచి మరో గడి మీదకు నడిపించినప్పుడు చూసేవారు ఎక్కడా తప్పిపోరు. ఇరవై ఫొటోల వరుస కూడా అలాగే నడవాలి.

ఒకే క్షణాన్ని ఐదుగురు తీసి ఉంటారు. అందులో ఒక్కటే ఉంచాలి. కళ్లు మూసుకున్నవి, వెనుక కారు హెడ్‌లైటు కొట్టినవి, అందరూ కెమెరా వైపు తిరిగి వరుసగా నిలబడినవి పక్కన పెట్టాలి. వరుసగా నిలబడిన ఫొటో ఒక్కటి మాత్రం ఉంచుకోవచ్చు, ఎందుకంటే దూరాన ఉన్నవారు ముందుగా వెదికేది తమ వాళ్ల ముఖాలనే. దూరం నుంచి తీసినది, దగ్గర నుంచి తీసినది మార్చి మార్చి వచ్చేలా పేర్చాలి: వేయిస్తంభాల గుడి ప్రాంగణం నిండా జనం ఉన్న ఫొటో తర్వాత పూలు పేరుస్తున్న ఒక ముసలమ్మ చేతులు చూపిస్తే, ఆ రెండూ ఒకదానికొకటి బలాన్నిస్తాయి. ఆ వాడలో ఎవరి ఇంటి ఫొటో ఒక్కటీ రాకుండా పోయిందో కూడా చూసుకోవాలి. వాడంతా కలిసి ఆడిన ఆట ఒక్క ఇంటి ఆల్బమ్‌లాగా కనిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

బతుకమ్మ ఆట గుండ్రంగా సాగుతుంది కనుక చాలామంది ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని తీస్తారు. ఆ ఫొటోను నిలువు చట్రంలో వేస్తే యాప్ దానంతట అది రెండు పక్కలా కోసేసి, మధ్యలో ఉన్న ఇద్దరు ముగ్గురిని మాత్రమే మిగులుస్తుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఫొటోను పూర్తిగా చూపించి పైన, కింద మిగిలిన ఖాళీలో అదే ఫొటో మసక రూపాన్ని నింపడం మొదటిది. ఫొటోను ఎత్తుకు సరిపోయేలా పెద్దది చేసి, నాలుగు సెకన్ల పాటు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరపడం రెండోది. చాలా యాప్‌లలో దీన్ని కీఫ్రేమ్ అనే సౌకర్యంతో చేయవచ్చు. నా ఉద్దేశంలో వలయంగా తిరిగే ఆటకు రెండోదే తగినది, ఎందుకంటే చూపు కూడా ఆడేవారి వెంట తిరుగుతుంది. అయితే ఆ కదలిక ఒకటి రెండు ఫొటోలకే పరిమితం కావాలి. ఇదే పద్ధతిలో రామప్ప గుడి యాత్ర మీద చేయదలచినవారికి పని కొంత సులువు: చూరు కింద నిలిచిన మదనికల (నాట్యభంగిమల్లోని స్త్రీమూర్తుల) శిల్పాలు నిలువుగా సాగినవి కావడం వల్ల 9:16 చట్రంలో చక్కగా అమరుతాయి. అటువంటి శిల్పాలను చూసేవారు తమ ఇష్టం వచ్చినంత సేపు పరిశీలించగలిగేలా, వీడియోకు బదులు ఒక్కొక్కటిగా పక్కకు జరుపుకునే పోస్టుగా పెట్టడం ఇంకా మేలు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టులో 20 ఫొటోల దాకా పెట్టవచ్చు.

రంగులు సరిచేయడంలో పొదుపు పాటించాలి. ఆట సంధ్యవేళ మొదలై చీకటి పడ్డాక కూడా సాగుతుంది కాబట్టి వీధి దీపాల వెలుగులో తీసినవి పసుపుపచ్చగా, పగలు తీసినవి తెల్లగా ఉండి ఒకదాని పక్కన ఒకటి పొసగవు. ఆ పసుపుదనాన్ని కొద్దిగా తగ్గించి, వెలుగు కొద్దిగా పెంచితే చాలు. రంగులు మరీ పెంచితే తంగేడు, బంతి, గుమ్మడి పూలు మూడూ ఒకే పసుపు ముద్దగా మారి, గంటల తరబడి పేర్చిన వరుసల తేడా కనిపించకుండా పోతుంది.

యాప్ ఏదైనా ఫరవాలేదు. ఇన్‌షాట్, వీఎన్, కైన్‌మాస్టర్, కాన్వా వంటివి మన దగ్గర విరివిగా వాడుతున్నారు. ఉచితంగా వాడినప్పుడు చివరి వీడియో మీద వాటర్‌మార్క్ పడుతుందో లేదో ముందే మూడు ఫొటోలతో ఒక చిన్న వీడియో చేసి చూసుకోవాలి. ఒక ఫొటో నుంచి మరో ఫొటోకు మారేటప్పుడు తిప్పడం, చీల్చడం, మెరిపించడం వంటి ట్రాన్సిషన్లు యాప్‌లో ఎన్ని ఉన్నా, సూటిగా మారడమే అన్నింటికన్నా హుందాగా ఉంటుంది. రోజు మారినచోట మాత్రం ఒక నెమ్మదైన కరుగుడు (డిజాల్వ్) వాడవచ్చు. మొదటి ఫొటో మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఆగి చూడాలా, దాటి వెళ్లాలా అన్నది చూసేవారు మొదటి రెండు సెకన్లలోనే తేల్చుకుంటారు. అక్కడ శుభాకాంక్షల అక్షరాల పలక కన్నా, తల మీద బతుకమ్మతో గడప దాటుతున్న ఒక ముఖం ఉండడం మంచిది.

తెలుగు అక్షరాల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. ‘ఉయ్యాల’ అని రాస్తే య కింది ఒత్తు పక్కకు జారి చదవడానికి వీలుకాకుండా పోతుంది. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఫోన్‌లోకి దించుకుని, సొంత ఫాంట్లు చేర్చుకోనిచ్చే యాప్‌లో చేర్చాలి. అప్పటికీ అక్షరాలు విరిగితే, తెలుగు సరిగా చూపించే మరో యాప్‌లో ఆ మాటలు రాసి, ఫొటోగా భద్రపరచి ఇందులోకి తెచ్చుకోవాలి. తెలుగులో గుడులు పైన, ఒత్తులు కింద ఉంటాయి కనుక రెండు పంక్తుల మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఉంచాలి. రీల్‌లో తెర పై భాగాన సుమారు ఏడో వంతు, కింది భాగాన సుమారు మూడో వంతు, కుడి అంచు కొంత మేర ఖాతా పేరు, శీర్షిక, బటన్లతో కప్పుకుపోతాయి. అందుచేత అక్షరాలు మధ్య భాగంలోనే ఉండాలి. ఒక ఫొటో మీద ఆరేడు మాటలకు మించి రాయకుండా, రాసినచోట ఆ ఫొటోను నాలుగు సెకన్ల దాకా నిలపాలి.

రాసేది తప్పు లేకుండా ఉండాలి. ఎంగిలిపూలతో మొదలై, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మల మీదుగా సద్దుల బతుకమ్మతో ముగిసే వరుసలో, ఆరో రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆ రోజు పేరు పెట్టి ఆట ఫొటో వేస్తే తెలిసినవారికి వెంటనే తప్పు కనిపిస్తుంది. వేములవాడలో ఏడో రోజునే సద్దులు జరుపుకుంటారు కనుక, వేరే ఊళ్లలోని బంధువుల ఫొటోలు కలిపేటప్పుడు ఆ తేడా కూడా గుర్తుంచుకోవాలి. గుడుల ఫొటోలు చేరిస్తే సంవత్సరాలు సరిచూసుకోవాలి: వేయిస్తంభాల గుడిని కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించాడు, రామప్ప గుడిని కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఇద్దరి పేర్లూ దగ్గరగా ఉండడం వల్ల ఒకరి గుడిని మరొకరికి అంటగట్టే వ్యాఖ్యలు తరచుగా కనిపిస్తాయి. యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా 2021లో దక్కింది రామప్పకు.

పాట గురించి నా అభిప్రాయం గట్టిది: సొంత వాడ గొంతులు ఉండగా వేరే రికార్డింగు అవసరం లేదు. బతుకమ్మ పాట తరతరాలుగా వచ్చినదే అయినా, ఒక సంస్థ రికార్డు చేసి విడుదల చేసిన ధ్వని మీద హక్కులు ఆ సంస్థవే. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. అటువంటి ధ్వనిని వాడితే యూట్యూబ్ దానంతట అదే గుర్తించి హక్కుల క్లెయిమ్ వేయవచ్చు, ఫేస్‌బుక్ ధ్వనిని ఆపివేయవచ్చు. అందుకు బదులు, ఆట సాగేటప్పుడు ఒక ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, డీజే పెట్టెలకు దూరంగా, పాట ఎత్తుకునే పెద్దమ్మకు దగ్గరగా నిలబడి రెండు మూడు నిమిషాలు రికార్డు చేయాలి. ఒక గొంతు చరణం అనడం, మిగతా అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకోవడం, ఆ మధ్యలో చప్పట్లు వినిపించాలి. ఎడిటింగ్‌లో ఆ ధ్వని గీత మీద చప్పట్లు పడినచోటల్లా శిఖరాలు కనిపిస్తాయి; సరిగ్గా అక్కడే ఫొటో మారేలా పెడితే ఏ ఎఫెక్టూ లేకుండానే వరుసకు లయ వస్తుంది. ఆట అప్పటికే ముగిసిపోయి ఉంటే, ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టి పాడించుకున్నా చక్కగా ఉంటుంది. పండుగకు రాలేని అమ్మమ్మ గొంతు ఆ ఇరవై ఫొటోల వెనుక వినిపిస్తే, దూరాన ఉన్నవారు దాన్ని మళ్లీ మళ్లీ చూస్తారు. చాలామంది మొదట ధ్వని లేకుండానే చూస్తారు కనుక, ఫొటోల వరుస పాట లేకపోయినా అర్థమయ్యేలా ఉండాలి.

పాత ఆల్బమ్‌లోని ఫొటో ఒకటి రెండు చేర్చాలనుకుంటే, కిటికీ పక్క పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. గాజు చట్రంలో ఉన్నదైతే కొద్దిగా పక్కకు జరిగి ప్రతిబింబం పడకుండా చూసుకోవాలి. ఆల్బమ్ అట్టకు అతుక్కుపోయినదాన్ని మాత్రం పీకకూడదు. ఏఐతో పదును పెంచే యాప్‌లు చిన్న ముఖాలను తమ ఊహతో నింపి మరొకరి ముఖంగా మార్చేస్తాయి. పోయిన పెద్దవారి ముఖం మసకగానైనా వారిదిగానే ఉండనివ్వాలి.

పోస్టు చేసే ముందు అనుమతి అడగడం మర్యాద, అవసరం కూడా. ఫొటోలో ప్రధానంగా కనిపించేవారికి, పిల్లలైతే వారి తల్లిదండ్రులకు, వీడియోను ముందుగా పంపి చూపించాలి. ఎవరైనా వద్దంటే కారణం అడగకుండా ఆ ఫొటో తీసివేయాలి. ఇంటి నంబరు, బండి నంబరు, బడి ఐడీ కార్డు, ఫోన్ నంబరు ఉన్న ఫ్లెక్సీ వెనుక కనిపిస్తున్నాయేమో ఒక్కో ఫొటోలో చూసి క్రాప్ చేయాలి. పిల్లలు ఎక్కువగా ఉన్న స్లైడ్‌షోను అందరికీ కాకుండా, బంధుమిత్రులకు మాత్రమే కనిపించేలా పెట్టడం మంచిది.

చివరగా ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా భద్రపరచడం. 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు, ఎంపీ4 రూపం చాలు. 4కేలో తీసినా ఈ వేదికలు మళ్లీ కుదిస్తాయి, ఫైలు మాత్రం బరువెక్కుతుంది. బిట్‌రేటు (వీడియో సెకనుకు వాడే డేటా) 10 ఎంబీపీఎస్ పెడితే ఒక నిమిషం వీడియో సుమారు 75 ఎంబీ అవుతుంది. దాన్ని ఒక మామూలు ఫోన్‌లో, పగటి వెలుగులో, ఒకసారి ధ్వనితో, ఒకసారి ధ్వని లేకుండా పూర్తిగా చూసి, అక్షరాలు కళ్లజోడు పెట్టుకునే పెద్దవారికి అందుతున్నాయో లేదో వారినే అడగాలి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు. పోస్టు చేశాక ఒరిజినల్ ఫొటోలను, పాట రికార్డును, పూర్తయిన వీడియోను సంవత్సరం, వాడ పేరు రాసిన ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఫోన్‌లో కాకుండా వేరే చోట మరో నకలు ఉంచాలి. ఫొటోలు ఇచ్చిన ఇళ్లవారందరికీ ఆ ఫోల్డర్ లింకు పంపడంతో పని పూర్తవుతుంది.