ఇంగ్లీషు పదాలు ఎందుకు నిలవడం లేదు? సమస్య - పరిష్కారం

తిరుపతిలో బ్యాంకు పరీక్షలకో, జీఆర్‌ఈకో చదివే చాలామంది నోటుబుక్కుల్లో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం బారులు తీరి ఉంటాయి. పిల్లలు పడే కష్టంలో లోటు లేదు, చదివే పద్ధతిలోనే ఉంది.

సమస్య: వారం తిరిగేసరికి మర్చిపోతున్నాను.

కారణం: ఒకే రాత్రి యాభై మాటలు బట్టీ పట్టడం. నేర్చుకున్న తొలి గంటల్లో, రోజుల్లోనే మరుపు ఎక్కువని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

పరిష్కారం: రోజుకు ఎనిమిది మాటలు చాలు. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు అర్థాన్ని చేత్తో మూసి గుర్తు తెచ్చుకోండి. ఊరికే మళ్లీ చదివితే లాభం తక్కువ. ఫోన్‌లో ఆంకీ యాప్ పెట్టుకుంటే ఈ తేదీల లెక్క అదే చూసుకుంటుంది.

సమస్య: చదివితే అర్థమవుతుంది, ఇంటర్వ్యూలో నోటికి రాదు.

ఎక్కువమందికి టెన్షన్ తెచ్చేది ఇదే. మాటను గుర్తుపట్టడం వేరు, సమయానికి వాడగలగడం వేరు. మనం మొదటిదే సాధన చేస్తున్నాం. పైగా మాటను ఒంటరిగా నేర్చుకుంటున్నాం. 'అలీవియేట్' అంటే తగ్గించడం అని రాసుకున్న విద్యార్థి, ధర తగ్గించడానికీ అదే వాడేస్తాడు. అది నొప్పి, పేదరికం, రద్దీ లాంటి బాధల పక్కనే నప్పుతుంది. అందుకే ప్రతి మాటకూ దాని జతమాటలు రెండు మూడు రాసుకోండి. తర్వాత మన ఊరి సంగతితో సొంత వాక్యం కట్టండి: 'ది ఫ్లైఓవర్ హాజ్ అలీవియేటెడ్ ట్రాఫిక్ కంజెషన్.' తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు మీద రోజూ వెళ్లేవాళ్లకు ఆ వాక్యం ఊరికే గుర్తుంటుంది. దాన్ని గట్టిగా పలకండి, స్నేహితుడితో మాటల్లో వాడండి. ఈ ఒక్క పని మానకండి.

సమస్య: ఎడిటోరియల్ చదవాలంటే వాక్యానికోసారి డిక్షనరీ తీయాల్సి వస్తోంది.

ఆ వ్యాసం మీ స్థాయికి ఇంకా బరువు. నూటికి రెండు మాటలకు మించి తెలియకపోతే చదువు సాఫీగా సాగదని పరిశోధకులు చెబుతారు. కొన్నాళ్లు తేలికైనవి చదవండి. అరుదైన మాటల వెంట పడేకంటే, భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ పట్టుకోండి. అందులో 570 పదకుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు) ఉన్నాయి, ఏ సబ్జెక్టు పుస్తకం తెరిచినా అవే ఎదురవుతాయి.

సమస్య: మాట తెలుసు, పలకాలంటే భయం.

స్పెల్లింగ్ చూసి ఊహించడం వల్ల వచ్చే చిక్కు ఇది. 'ఎపిటమీ'ని 'ఎపిటోమ్' అనేవాళ్లు చాలామంది. ఆన్‌లైన్ డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి విన్నాకే నోటుబుక్కులోకి ఎక్కించండి.