డెస్క్‌టాప్‌లో నెట్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

నిన్నటిదాకా బాగా పనిచేసిన కంప్యూటర్‌లో పొద్దున్నే నెట్ లేకపోతే టెన్షన్ పడతాం. చాలామంది నేరుగా విండోస్ ఫార్మాట్ కొట్టించేస్తారు. దయచేసి తొందరపడకండి. ముందు తేలాల్సింది ఒక్కటే: కంప్యూటర్‌కు ల్యాన్ కార్డు (కేబుల్ ద్వారా నెట్ అందుకునే భాగం, సాధారణంగా మదర్‌బోర్డు మీదే చిప్పుగా ఉంటుంది) కనిపిస్తోందా, లేదా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

1. కేబినెట్ వెనక లైట్లు చూడండి

కేబుల్ దూర్చే పోర్టు పక్కన సాధారణంగా రెండు చిన్న లైట్లు ఉంటాయి. అవతల రౌటర్ ఆన్‌లో ఉంటే కనీసం ఒకటైనా వెలగాలి. ఏదీ వెలగకపోతే రౌటర్‌లో పోర్టు మార్చండి, తర్వాత వేరే కేబుల్ పెట్టి చూడండి. క్లిప్పు విరిగిన కేబుల్ బిగిసినట్టే కనిపిస్తుంది కానీ లోపల సరిగా తగలదు.

నెట్ వస్తున్నా బాగా నెమ్మదిగా ఉంటే కూడా కేబుల్‌నే అనుమానించండి. అందులో 8 వైర్లు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి 4 చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. రెండువైపులా 1000 పోర్టులే ఉన్నా సెట్టింగ్స్‌లో 100 అని చూపిస్తే, బహుశా ఏదో వైరు తెగి ఉంటుంది.

2. ప్లగ్ పీకేయండి

షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి, పవర్ కేబుల్ తీసేయండి. ల్యాన్ కేబుల్ కూడా తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఐదు నిమిషాలాగి మళ్లీ అన్నీ పెట్టి ఆన్ చేయండి.

ఇదేదో చిట్కా వైద్యం అనుకోకండి. షట్‌డౌన్ చేసినా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై పవర్ అందుతూనే ఉంటుంది. ల్యాన్ చిప్పు దాని మీదే మేలుకుని ఉంటుంది. అందుకే అది ఒకసారి బిగుసుకుపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా కదలకపోవచ్చు. ఉరుముల వాన పడిన ఓ రాత్రి తర్వాత మా ఇంట్లో ఇదే జరిగింది. షాపులో చూసి మదర్‌బోర్డు మార్చాలన్నారు. ఇంటికి తెచ్చి ఇలా చేస్తే లైటు వెలిగింది. ఆ కంప్యూటర్‌నే ఇప్పటికీ వాడుతున్నాం.

3. డివైస్ మేనేజర్ తెరవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఇది కనిపిస్తుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరిస్తే రియల్‌టెక్ అనో ఇంటెల్ అనో ఉండాలి. పేరు మీద కిందికి చూసే బాణం ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ నొక్కండి. పసుపు త్రికోణం ఉంటే డబుల్ క్లిక్ చేసి కోడ్ చూడండి. 28 అంటే డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేదు. 10 అంటే కార్డు స్టార్ట్ కాలేదు. డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయండి.

పేరు అక్కడ లేకుండా, అదర్ డివైసెస్ కింద ఈథర్‌నెట్ కంట్రోలర్ అని ఉంటే సంతోషించండి. కార్డును కంప్యూటర్ గుర్తించింది, డ్రైవర్ ఒక్కటే కావాలి. మరి నెట్ లేకుండా డ్రైవర్ ఎలా తెచ్చుకోవాలి? ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ కంప్యూటర్‌కు అందుతుంది. మదర్‌బోర్డు మోడల్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్నచోట ఉంటుంది. డ్రైవర్‌ను ఆ కంపెనీ సైటు నుంచే తీసుకోండి. అన్ని డ్రైవర్లూ ఒకేసారి వేస్తామనే సాఫ్ట్‌వేర్‌ల జోలికి వెళ్లకండి, వాటితో పాటు అక్కర్లేనివెన్నో వచ్చి చేరతాయి.

4. కార్డు జాడే లేకపోతే

ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, ఆన్‌బోర్డ్ ల్యాన్ ఎనేబుల్డ్‌లో ఉందో లేదో చూడండి. అక్కడా బాగానే ఉంటే ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ట్రై ఉబుంటు ఎంచుకోండి. ఇన్‌స్టాల్ మాత్రం నొక్కకండి, డిస్క్‌లో ఉన్నవి పోవచ్చు. అందులో నెట్ వస్తే చిప్పు బాగానే ఉంది, లోపం విండోస్‌ది. అందులోనూ కార్డు కనిపించకపోతే పోర్టు పోయినట్టే అనుకోవచ్చు. అయినా మదర్‌బోర్డు మార్చాల్సిన పనిలేదు, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది.

5. కార్డు బాగున్నా నెట్ రాకపోతే

కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి టైప్ చేయండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. రౌటర్‌ను ఆపి ఆన్ చేయండి. 192.168తో మొదలైతే సాధారణంగా రౌటర్ దాకా దారి బాగానే ఉంది. అప్పుడు పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 ఇవ్వండి. జవాబు వస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) మార్చి చూడండి.

దాంతో పాటు తేదీ కూడా చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్ల లాంటివి తెరుచుకోవు, మనమేమో నెట్ లేదనుకుంటాం. తేదీ సరిచేసినా, ప్లగ్ తీసిపెట్టిన ప్రతిసారీ మళ్లీ తప్పుతుంటే ఆ బ్యాటరీ మార్చేయండి.