జాంబీ గేమ్‌లో స్నో వేశాక వచ్చే తేడాలు: లక్షణం, కారణం, రిపేరు

గోడాట్ 4 అనే గేమ్ ఇంజన్‌లో సొంతంగా జాంబీ సర్వైవల్ గేమ్ చేస్తూ, అది కూడా మన కోనసీమ ఊరినే మ్యాప్‌గా పెట్టుకుని దానిమీద హిమాలయం లెవెల్ చలికాలం దింపుదామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు కుర్రాళ్ళ ప్రాజెక్టులు చూస్తుంటే దాదాపు అందరికీ అవే తేడాలు వస్తున్నాయి, వాటిలో ఇంజన్ తప్పు చాలా తక్కువ. మనం స్నోని వానలా అనుకుని చేస్తాం, అసలు సంగతి అదే. మామూలు వాన పడుద్ది, బోదెలోకి పోద్ది, కాసేపటికి గట్టు మళ్ళీ కనిపిస్తది. స్నో అలా పోదు, పడినచోటే ఉండిపోయి నేల రంగు, వెలుతురు, శబ్దం, దారులు, ఒంటి వేడి అన్నిటినీ మార్చేస్తది.

కాబట్టి ముందు ఒక వెదర్ స్క్రిప్టు పెట్టి దాన్లో నాలుగు నంబర్లు ఉంచండి: గాలి ఉష్ణోగ్రత, గాలి వేగం, నేలమీద స్నో మందం, నీళ్ళమీద ఐసు మందం. కింద చెప్పేవన్నీ వీటినే చదవాలి. షేడర్ (వస్తువుల రంగు, వెలుగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్) దగ్గర ఒక నంబరు, జాంబీ దగ్గర ఒక నంబరు, ప్లేయర్ దగ్గర ఇంకోటి ఉంటే తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. గోడాట్‌లో గ్లోబల్ షేడర్ పారామీటర్ అని ఉంది, స్నో మందం దాన్లో పెడితే మెటీరియల్స్ అన్నీ ఒక్కసారే అందుకుంటాయి.

స్నో పడుతుంటే తెల్ల వానలా ఉంది, పైగా తల తిప్పితే మాయమైపోతోంది

వాన పార్టికల్స్‌నే (వేలకొద్దీ చిన్న ముక్కలుగా గీసే ఎఫెక్ట్) కాపీ చేసి తెల్ల రంగు వేస్తే ఇలాగే ఉంటది. పెద్ద వాన చినుకు సెకనుకి 9 మీటర్ల దాకా స్పీడుతో దిగుద్ది, స్నో రేకు మాత్రం 1 నుంచి 2 మీటర్లే. గ్రావిటీ బాగా తగ్గించి, ప్రాసెస్ మెటీరియల్‌లో టర్బులెన్స్ ఆన్ చేసి, లైఫ్‌టైమ్ పెంచండి, నెమ్మదిగా దిగేది నేలదాకా రావాలి కదా. తల తిప్పితే మాయమవడానికి కారణం విజిబిలిటీ ఏఏబీబీ బాక్సు (పార్టికల్స్ ఉండే చోటుని ఇంజన్‌కి చెప్పే పెట్టె) చిన్నగా ఉండటం, కెమెరాకి ఆ బాక్సు కనపడకపోతే ఇంజన్ మొత్తం పార్టికల్సే గీయదు. బాక్సు పెంచితే సరిపోద్ది. ప్లేయర్ పరిగెడితే స్నో కూడా వాడితోపాటే అతుక్కుని వస్తోందంటే లోకల్ కోఆర్డినేట్స్ ఆన్‌లో ఉన్నట్టు, ఆపేయండి. గేమ్ మొదలయ్యాక కాసేపటికి గానీ స్నో కిందకి చేరట్లేదంటే ప్రీప్రాసెస్‌లో కొన్ని సెకన్లు ఇవ్వండి, సీను తెరిచేసరికే ఆకాశం నిండా ఉంటది.

పెంకుటింట్లో కూడా స్నో పడుతోంది

జీపీయూ పార్టికల్స్‌కి (గ్రాఫిక్స్ చిప్పే నడిపేవి) మామూలు ఫిజిక్స్ కొలిజన్, అంటే వస్తువులు ఒకదానికొకటి తగలడం, తెలీదు, మీరు కప్పుకి ఎంత మంచి కొలిజన్ షేప్ పెట్టినా దాన్ని దాటి దిగిపోతాయి. దీనికోసమే హైట్‌ఫీల్డ్ పార్టికల్ కొలిజన్ నోడ్ ఉంది, అది పైనుంచి కిందకి చూసి ఏది ఎంత ఎత్తులో ఉందో పటం తీసుకుంటది. ఆ నోడ్ పెట్టి, ఫాలో కెమెరా ఆన్ చేసి, పార్టికల్ మెటీరియల్‌లో కొలిజన్ మోడ్‌ని హైడ్ ఆన్ కాంటాక్ట్‌కి మార్చండి. ఈ రెండోది మర్చిపోయి నోడ్ పనిచెయ్యట్లేదనేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది. గోడాట్‌లో బొమ్మ గీసే రెండర్లు మూడు: ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, బలం తక్కువ మెషీన్ల కోసం కంపాటిబిలిటీ; ఈ నోడ్‌ని మీరు వాడే రెండర్‌లో ముందు పరీక్షించుకోండి. మనవైపు చాలామంది దగ్గర గ్రాఫిక్స్ కార్డు లేని కాలేజీ లాప్‌టాపులే కాబట్టి కంపాటిబిలిటీ తప్పనివాళ్ళు, ఆ నోడ్ సరిగ్గా పనిచెయ్యకపోతే, ఇంటికి ఏరియా నోడ్ పెట్టి, ప్లేయర్ లోపలికి రాగానే నెత్తిమీది ఎమిటర్ (పార్టికల్స్ వదిలే నోడ్) ఆపేసి, కిటికీల బయట చిన్న ఎమిటర్లు ఆన్ చేయండి. చూసేవాడికి తేడా తెలీదు.

ఇంకోటి, హైట్‌ఫీల్డ్‌కి కప్పు కింద ఉన్నదంతా గట్టి దిమ్మ కిందే లెక్క, అందుకే ఎంత గాలి కొట్టినా వసారా పొడిగా ఉంటది. అది అబద్ధంగా కనిపిస్తది, మన వసారాల్లోకి వానజల్లు ఎలా కొట్టుద్దో అందరికీ తెలుసు. వసారా చూరు దగ్గర కొలిజన్ లేని చిన్న ఎమిటర్ ఒకటి పెట్టి, గాలి వేగం ఎక్కువున్నప్పుడు మాత్రమే వదలండి.

కెమెరా తిప్పితే కప్పుమీద స్నో జారిపోతోంది

చాలామందిని రోజుల తరబడి తినేసే బగ్ ఇది, రిపేరు మాత్రం ఒక్క లైను. పైకి చూసే ముఖాలమీదే స్నో పట్టాలని షేడర్‌లో నార్మల్‌ని (ముఖం ఎటు చూస్తోందో చెప్పే దిశ) పై దిశతో డాట్ చేస్తాం, అంటే రెండు దిశలూ ఎంత కలుస్తాయో లెక్కిస్తాం, కానీ ఫ్రాగ్మెంట్ ఫంక్షన్‌లో (ప్రతి పిక్సెల్‌కీ నడిచే భాగం) వచ్చే నార్మల్ వ్యూ స్పేస్‌లో ఉంటది, అంటే కెమెరా లెక్కలో ఏది పైనో అదే దానికి పైన. కెమెరా వంగితే స్నో కూడా వంగుద్ది. నార్మల్‌ని ఇన్వర్స్ వ్యూ మ్యాట్రిక్స్‌తో గుణించి వరల్డ్ స్పేస్‌లోకి (కెమెరాతో సంబంధం లేని గేమ్ ప్రపంచం లెక్క) తెచ్చుకుని అప్పుడు డాట్ చేయండి. గుణించేటప్పుడు నాలుగో అంకె సున్నా ఉండాలి, ఒకటి పెడితే కెమెరా పొజిషన్ కూడా కలిసిపోద్ది.

ఇదే షేడర్ ఇంట్లో గచ్చుమీద, మంచంమీద కూడా స్నో వేసేస్తది, ఎందుకంటే అవీ పైకే చూస్తున్నాయి. లోపలి వస్తువులకి స్నో లేని వేరే మెటీరియల్ పెట్టడమే మంచిది, పెద్ద టెక్నిక్కులు అక్కర్లేదు.

కొబ్బరి చెట్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి

ఊరంతా తెల్లగా ఉండి కొబ్బరితోట మాత్రం సంక్రాంతికి ఉన్నట్టే ఉంటది. మట్టకి వేలాడే ఆకులు నిలువుగా ఉంటాయి, వాటి నార్మల్స్ పక్కకి చూస్తాయి, డాట్ లెక్కలో సున్నా వస్తది. చెట్లకి నార్మల్‌ని నమ్ముకోకండి. బ్లెండర్‌లో (3D మోడళ్ళు చేసే సాఫ్ట్‌వేర్) మట్ట నడిమి కాడ పొడవునా వెర్టెక్స్ కలర్ (మోడల్ మూలబిందువులకి ఇచ్చే రంగు) తెల్లగా, ఆకు కొసలకి వెళ్ళేకొద్దీ నల్లగా పూసి, షేడర్‌లో ఆ రంగుని స్నో మందంతో గుణించండి. అదే రంగుతో వెర్టెక్స్ షేడర్‌లో మట్టని కిందకి వంచితే బరువు కూడా కనిపిస్తది. కొబ్బరిచెట్టుమీద స్నో ప్రపంచంలో ఎక్కడోగానీ చూసే దృశ్యం కాదు కదా, మన గేమ్‌ని పది గేముల్లో గుర్తుపట్టేది దానివల్లే, కాబట్టి దీనికి టైమ్ పెట్టండి. అలాగే సముద్రమట్టంలో ఉన్న డెల్టాలో స్నో ఎందుకు పడిందో కథలో ఒక కారణం చెప్పండి, చెప్పకపోతే ఆడేవాడు మొదటి నిమిషంలోనే అడుగుతాడు.

నేల కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది, ఎత్తుపల్లాలు కనపడట్లేదు

ఆల్బిడో (వస్తువు అసలు రంగు) పూర్తి తెలుపు పెట్టారు. తాజా స్నో కూడా వెలుగులో 80 నుంచి 90 శాతమే వెనక్కి పంపుద్ది. 0.85 దగ్గర పెట్టి, టోన్‌మ్యాప్ (వెలుగుని తెరకి తగ్గట్టు కుదించే సెట్టింగ్) లీనియర్‌లో ఉంటే మార్చి, నీడల్లో ఆకాశం నీలం కొంచెం రానివ్వండి. గట్లు, బోదెలు అప్పుడు కనిపిస్తాయి.

అడుగుజాడలు ఉన్నట్టుండి మాయమవుతున్నాయి, లైట్లు కూడా మిణుకుతున్నాయి

ప్రతి అడుగుకీ ఒక డెకాల్ (నేలమీద అతికించే బొమ్మ) వేస్తున్నారన్నమాట. ఫార్వర్డ్ ప్లస్‌లో కెమెరాకి కనిపించే ఓమ్ని లైట్లు, స్పాట్ లైట్లు, డెకాల్స్, రిఫ్లెక్షన్ ప్రోబ్స్ అన్నీ కలిపి డిఫాల్ట్‌గా 512 దాకానే. జాంబీల గుంపు నాలుగడుగులు వేస్తే నిండిపోద్ది. లిమిట్ పెంచుకోవచ్చు గానీ దారి అది కాదు. ఒక సబ్‌వ్యూపోర్ట్ (తెరమీదకి రాకుండా పక్కన బొమ్మ గీసే నోడ్) తీసుకుని, క్లియర్ మోడ్ నెవర్ పెట్టి, అడుగు పడినచోట చిన్న మచ్చ గీస్తూ పోండి, ఆ టెక్స్చర్‌ని నేల షేడర్ చదివి అక్కడ స్నో తగ్గిస్తది. ఎన్ని జాంబీలొచ్చినా టెక్స్చర్ ఒక్కటే.

తర్వాత వచ్చే ప్రశ్న: స్నో మళ్ళీ పడుతున్నా జాడలు పూర్తిగా పూడట్లేదు, లేతగా మిగిలిపోతున్నాయి. ప్రతి ఫ్రేముకీ చాలా సన్నని పొర పూస్తున్నారు, టెక్స్చర్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే కాబట్టి అంత చిన్న మార్పు రౌండింగ్‌లో పోతోంది. ఫ్రేముకోసారి కాకుండా కొన్ని సెకన్లకోసారి కాస్త గట్టిగా పూయండి.

ప్లేయర్ రెండు నిమిషాల్లో చలికి చచ్చిపోతున్నాడు, లేదా అసలు చావట్లేదు

గాలి ఉష్ణోగ్రతని నేరుగా హెల్త్‌లోంచి తీసేస్తే ఇలా రెండింట్లో ఏదో ఒకటే అవుద్ది. ఒంటి లోపలి వేడికి వేరే నంబరు పెట్టండి. 37 మామూలు, 35 కంటే తగ్గితే హైపోథర్మియా, 32 కింద వణుకు ఆగిపోద్ది, మనిషికి తికమక మొదలవుద్ది. చాలా గేముల్లో చలి పెరిగేకొద్దీ వణుకు పెంచుతూనే పోతారు, నిజంగా వణుకు ఆగిపోవడమే పెద్ద ప్రమాదం, కంట్రోల్స్ మెల్లగా స్పందించేలా అక్కడ చెయ్యండి. వేడి పోయే వేగం బట్టల మందాన్నిబట్టి ఉండాలి, తడిస్తే ఆ మందం విలువ బాగా పడిపోవాలి, కాలవలో పడ్డాడంటే నీళ్ళు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడి లాగేస్తాయి.

లూట్ (ఆటలో వెతికి తెచ్చుకునే సామాను) గురించి ఒక మాట. డెల్టా ఇళ్ళల్లో లెదర్ జాకెట్లు, బొచ్చు కోట్లు దొరకవు. దుప్పటి, మంకీ క్యాప్, మఫ్లర్, గోనెసంచి దొరుకుతాయి. పొడి వరిగడ్డి గాలిని పట్టి ఉంచుద్ది కాబట్టి సంచిలో కూరి కప్పుకుంటే నిజంగానే చలి ఆపుద్ది, క్రాఫ్టింగ్‌లో పెట్టండి, తడిస్తే పనికిరాకుండా చెయ్యండి. కుంపటి పెట్టండి, కానీ తలుపులన్నీ మూసి బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోయేలా కూడా పెట్టండి, ఆటలో నేర్చుకున్నా అది పనికొచ్చే విషయం.

గాలి ఆగిపోగానే ప్లేయర్‌కి వెచ్చగా అయిపోతోందంటే మీరు విండ్ చిల్ ఫార్ములాని (గాలివల్ల ఎంత చలి అనిపిస్తదో చెప్పే లెక్క) అన్ని వేళలా వాడుతున్నారు. 2001 నుంచి అమెరికా, కెనడా వాడుతున్న ఫార్ములా 10 డిగ్రీలు అంతకంటే తక్కువ ఉండి, గాలి గంటకి 4.8 కిలోమీటర్లు దాటినప్పుడే చెల్లుద్ది. దాన్లో గాలి సున్నా వేస్తే సున్నా డిగ్రీలకి 13 డిగ్రీలని చెప్తది, వెచ్చదనం అక్కడనుంచి వస్తోంది. ఆ హద్దులు దాటితే మామూలు ఉష్ణోగ్రతే వాడండి. ఫార్ములా సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలంటే మైనస్ 10 డిగ్రీలు, 30 కిలోమీటర్ల గాలి ఇస్తే సుమారు మైనస్ 20 రావాలి.

వాన, స్నో నిమిషానికోసారి మారిపోతున్నాయి

సున్నా దగ్గర ఒకటే గీత గీశారు, ఉష్ణోగ్రత దాని చుట్టూ ఊగుతోంది. సున్నా కిందకి వెళ్తే స్నో, 2 డిగ్రీలు దాటితే వాన, మధ్యలో ముందు ఏముంటే అదే కొనసాగాలి.

కాలవ గడ్డకట్టింది గానీ జాంబీలు గట్టుమీదే నిలబడ్డాయి

నాకైతే ఈ గేమ్ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ అల్లుకుపోయిన కాలవలవల్ల డెల్టా మ్యాప్‌లో ఏ ఊరికైనా ఏదో ఒకవైపు నీళ్ళుంటాయి, ఆడేవాడు మొదటి నెలంతా కాలవనే గోడలా నమ్ముకుని బతుకుతాడు, వంతెన ఒక్కటి అడ్డుపెట్టుకుంటే చాలు. చలికాలం వచ్చి ఆ గోడ రోడ్డయిపోవాలి. అది పనిచెయ్యకపోతే స్నో ఉత్త అలంకారమే.

జాంబీలు ఆగిపోవడానికి కారణం, నావిగేషన్ మెష్ (జాంబీలు నడవగల చోట్ల పటం) నీళ్ళున్నప్పుడు బేక్ చేసింది, అంటే ముందే లెక్కకట్టి పెట్టింది, ఐసు మెష్ కనిపించినంత మాత్రాన దారి పుట్టదు. కాలవ ఉపరితలానికి వేరే నావిగేషన్ రీజియన్ ముందే బేక్ చేసి డిసేబుల్‌లో ఉంచండి, ఐసు మందం చాలినంత అవగానే ఎనేబుల్ చేయండి. ఎనేబుల్ చేసినా దిగట్లేదంటే గట్టు అంచుకీ ఐసు అంచుకీ మధ్య ఎడం ఉంది, ఎడ్జ్ కనెక్షన్ మార్జిన్ డిఫాల్ట్ 0.25 మాత్రమే. మన గట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మార్జిన్ పెంచేకన్నా రేవు మెట్లున్నచోట, గట్టు తెగినచోట నావిగేషన్ లింకులు పెట్టండి. గుంపు ఆ రేవులమీద పడుద్ది, ఆడేవాడికి ఎక్కడ కాపు కాయాలో తెలుస్తది.

ఐసు రోజుకింత అని సమానంగా పెరుగుతూ నెలకి కాలవ అడుగుదాకా గడ్డకడుతోందంటే లెక్క మార్చండి. ఐసు మందం పెరిగేకొద్దీ కింది నీళ్ళకి చలి అందడం తగ్గుద్ది. సున్నాకి ఎన్ని డిగ్రీలు కిందుందో రోజురోజుకీ కూడుకుంటూ పోయి, ఆ మొత్తం వర్గమూలాన్ని 2తో గుణిస్తే సెంటీమీటర్లలో ఉజ్జాయింపు మందం వస్తది. మైనస్ 5లో ఐదు రోజులంటే 25, వర్గమూలం 5, మందం 10 సెంటీమీటర్లు. గట్టి ఐసు 10 సెంటీమీటర్లుంటే ఒక మనిషి నడవచ్చంటారు. గుంపుకి అది చాలదు, కాబట్టి ఒక్కో ముక్కమీద ఎన్ని జాంబీలున్నాయో లెక్కపెట్టి పగలగొట్టండి. చేపల చెరువులు ముందు గడ్డకట్టాలి, పారే కాలవ తర్వాత, లాకుల దగ్గర నీళ్ళు ఉరకలేస్తాయి కాబట్టి అక్కడ ఐసు పలచగానే ఉండాలి.

స్నో పడ్డాక కూడా శబ్దాలు ఎప్పట్లాగే ఉన్నాయి

తాజా స్నోలో గాలి ఎక్కువ, అది శబ్దాన్ని పీల్చేసుకుంటది. దూరపు శబ్దాల బస్‌కి (శబ్దాలన్నీ కలిసి వెళ్ళే ఛానల్) లోపాస్ ఫిల్టర్ (కీచు శబ్దాలు తగ్గించేది) పెట్టి, జాంబీ వినికిడి దూరాన్ని కూడా స్నో మందంతో తగ్గించండి. మనకి వినపడకుండా వాటికి మాత్రం వినపడితే ఆడేవాడు మోసం అనుకుంటాడు. కరకరమనే అడుగు చప్పుడు రికార్డు చెయ్యడానికి స్నో అక్కర్లేదు, సినిమావాళ్ళు కూడా కార్న్‌ఫ్లోర్ సంచిని నొక్కే చేస్తారు. రావులపాలెంలో కిరాణా కొట్లో కూడా దొరుకుద్ది, గుడ్డసంచిలో పోసి ఫోన్ దగ్గరపెట్టి నొక్కండి.

సేవ్ లోడ్ చేస్తే జాంబీలు నీళ్ళమీద నడుస్తున్నాయి, లేదా ఐసుమీదకి రావట్లేదు

సేవ్ ఫైల్‌లో నావిగేషన్ రీజియన్ ఆన్ ఆఫ్ రాస్తున్నారు, ఐసు మందం రాయట్లేదు. నాలుగు వెదర్ నంబర్లూ, డిగ్రీ-రోజుల మొత్తమూ (ఐసు లెక్కలో రోజురోజుకీ కూడిన డిగ్రీలు) మాత్రమే సేవ్ చెయ్యండి, లోడ్ అయ్యాక వాటినుంచే రీజియన్లు, షేడర్లు, ఎమిటర్లు మళ్ళీ సెట్ చేసే ఒక ఫంక్షన్ పెట్టి, జాంబీలని దింపకముందే దాన్ని పిలవండి.