గజపతి జిల్లాలో జాడ లేని మేనత్త వాళ్ళు దొరికారు (నా అనుభవం)

ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి, కాశీనగర్ వైపు చుట్టాల్ని ఎలా వెతకాలని చాలామంది అడుగుతున్నారు కదా, నాకు పనిచేసింది చెప్తా. మా మేనత్త వాళ్ళది కాశీనగర్ దగ్గర పల్లె, మావయ్య పోయాక ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్ళిపోయారు, రాకపోకల్లేవు. ఫేస్‌బుక్, పాత ఫోన్ నంబర్లు, పెళ్ళిళ్ళలో వాకబు... ఏదీ తేలలేదు.

ఇల్లు అమ్మినా పొలం ఉంచుకున్నారని అమ్మ అంది. సరేనని ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్ తెరిచి జిల్లా గజపతి, తహసీల్ కాశీనగర్, తర్వాత ఊరు పెట్టి, ఖాతా నంబరు తెలీదు కాబట్టి రైతు పేరుతో వెతికే ఆప్షన్ నొక్కా. లిస్టంతా ఒడియాలోనే, ఇంటిపేరు చివర్న ఉంటాది, అందుకే మనిషి పేరుతోనే చూడాలి. మావయ్య పేరు లేదు, బావ పేరుంది! రికార్డు తెరిస్తే పేరు పక్కనే ‘పి’ అని తండ్రి పేరు, అక్కడ మావయ్య, ఆ తర్వాత ‘బా’ అని, అంటే ఆ మనిషి కాపురముండే ఊరు. సొంతూళ్ళో ఉండేవాళ్ళకి అదే ఊరని రాస్తారు, ఇక్కడ మాత్రం గుణుపురం (పక్క రాయగడ జిల్లాలో ఊరు) అనుంది. ఒడియా రాకపోతే గూగుల్ లెన్స్ (ఫోన్ కెమెరాతో అనువదించే యాప్) పెట్టండి, పేర్లు కొంచెం ఖూనీ చేస్తాదనుకోండి.

గుణుపురంలో ఓ తెలుగాయన కిరాణా కొట్లో బావ పేరు, తండ్రి పేరు కలిపి అడిగితే సందు చూపించేశారు.

అందరికీ పనిచేస్తాదని చెప్పలేను. పొలం అమ్మేస్తే పేరే ఉండదు, మ్యుటేషన్ (రికార్డులో కొత్త యజమాని పేరు ఎక్కించడం) చేయించకపోతే పాత అడ్రసే ఉంటాది, అప్పుడు పక్క పొలం రైతుల్ని పట్టుకోవడమే.